ఇల్లు మారింది.. సాలీడుకు తెలీదు!

కొత్త వెబ్‌సైటు పెట్టి ఏళ్లు గడిచినా సెర్చ్ ఇంజిన్ ఇంకా పాత పేజీల తలుపే తడుతోందా? ఉన్నచోటు నుంచి కదలకుండానే చిరునామా మార్చుకున్న సంగారెడ్డిని అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

సంగారెడ్డి రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు. ఓ పాత స్కూటరు మీద ఏపీ 23 అని కనిపిస్తుంది. దాని వెనకే వచ్చే బండి మీద టీఎస్ 15. ఆ వెనక కొత్త కారు మీద టీజీ 15. మూడూ ఇక్కడి బళ్లే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో అదీ పోయి టీజీ అయింది. పాత పలకలు మాత్రం పాత బళ్ల మీదే ఉండిపోయాయి.

బండి సంగతి సరే, ఊరి సంగతి? 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడు ముక్కలైంది.. మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట. అంతవరకూ మెదక్ జిల్లాకు ముఖ్యపట్టణం సంగారెడ్డే. కలెక్టరు కూర్చునేదీ ఇక్కడే. అంటే రాష్ట్రం పేరు మారింది, జిల్లా పేరు మారింది. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. పిన్‌కోడ్ కూడా అదే.. 502001.

ఇక్కడికి పద్దెనిమిది కిలోమీటర్లో ఇరవై కిలోమీటర్లో ప్రయాణించక్కర్లేదు, పక్కనే ఉన్న కంది చాలు. ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైంది ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో. 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి వచ్చింది. మొదటి ఏడేళ్లలో అచ్చయిన పరిశోధన పత్రాల మీద ‘ఎద్దుమైలారం 502205’ అనే ఉంటుంది. పటాన్‌చెరులో 1972లో పుట్టిన ఇక్రిశాట్‌ది మరో కథ. అది ఎక్కడికీ పోలేదు. కానీ జొన్న మీదా, కంది మీదా, వేరుశనగ మీదా అక్కణ్నుంచి వెలువడిన పాత పుస్తకాల మీద ‘పటాన్‌చెరు 502 324, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది. ప్రపంచంలో ఏ గ్రంథాలయంలో తెరిచినా అదే చిరునామా.

మనిషి కాబట్టి సర్దుకుంటాడు. ‘ఓహో, అప్పట్లో అలా ఉండేది’ అనుకుంటాడు. నెట్‌లో తిరిగే సాలీళ్లకు ఆ తెలివి లేదు. చిక్కంతా అక్కడే.

ఎవరీ సాలీళ్లు?

మనం గూగుల్‌లో ఏదైనా వెతికితే అది అప్పటికప్పుడు ప్రపంచమంతా తిరిగి చూసి చెప్పదు. ముందే చూసిపెట్టుకున్న పట్టికలోంచి తీసిస్తుంది. ఆ పట్టిక తయారుచేసే పని క్రాలర్ అనే ప్రోగ్రాములది. వెబ్ అంటే సాలెగూడు కాబట్టి వీటికి స్పైడర్ అనే ముద్దుపేరూ ఉంది. గూగుల్ సాలీడు పేరు గూగుల్‌బాట్. మైక్రోసాఫ్ట్‌ది బింగ్‌బాట్. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ 2023లో తన సాలీడుకు జీపీటీబాట్ అని పేరుపెట్టింది.

వీటి పని ఒకటే. ఓ పేజీ తెరవడం, అందులో ఉన్న లింకులన్నీ రాసుకోవడం, ఒక్కొక్కటీ తెరవడం, వాటిలో ఉన్నవి మళ్లీ రాసుకోవడం. ఒకసారి రాసుకున్న చిరునామాను అంత తేలిగ్గా కొట్టేయవు. అక్కడ ఏమీ లేదని తెలిసినా కొన్నాళ్లకోసారి వచ్చి చూసిపోతాయి. పెళ్లిపిలుపుల జాబితాలో పాత చిరునామా కొట్టేయడం మరిచిపోయిన పెద్దాయనలా, ఇల్లు ఖాళీచేసి పదేళ్లయినా శుభలేఖ మాత్రం అక్కడికే పంపిస్తుంటాయి!

పటాన్‌చెరులో ఓ ఫ్యాక్టరీ

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పంపులూ వాల్వులూ చేసే ఓ చిన్న ఫ్యాక్టరీ ఉందనుకుందాం. పదిహేనేళ్ల కిందట ఎవరో తెలిసిన కుర్రాడు వెబ్‌సైటు చేసిచ్చాడు. ఒక్కో వాల్వుకు ఒక్కో పేజీ. కింద ఆఫీసు ఫోన్‌నంబరు, ‘మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అన్న చిరునామా. ఈమధ్యే యజమాని కొడుకు చదువు ముగించి వచ్చాడు. సైటు మొత్తం కొత్తగా చేయించాడు. పేజీల పేర్లన్నీ మార్చాడు. చూడ్డానికి బాగుంది.

ఆర్నెల్లు గడిచాయి. గూగుల్‌లో వెతికితే పాత పేజీలే వస్తున్నాయి. నొక్కితే ‘404.. పేజీ దొరకలేదు’. పుణె నుంచి ఎవరో పాత కొనుగోలుదారు ఓ వాల్వు కోసం చూసి, ‘వీళ్లు మూసేసినట్టున్నారు’ అనుకుని వేరేచోట ఆర్డరు ఇచ్చేశాడు. తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే.. ‘ఇంత ఖర్చుపెట్టి చేయించావు కదరా, ఉన్నది కూడా పోయిందేంట్రా?’

కొడుకు తప్పు పెద్దదేం కాదు. కొత్తింటికి రంగులేయించాడు, పాతింటి తలుపు మీద చీటీ అంటించడం మరిచిపోయాడు. అంతే.

ఎక్కణ్నుంచి పట్టుకొస్తోంది?

వైద్యుడు ముందు నాడి చూస్తాడు. ఇక్కడ నాడి అంటే సర్వర్ లాగ్. ఏ రోజు, ఏ గంటకు, ఎవరొచ్చి, ఏ పేజీ అడిగారు, సర్వర్ ఏం చెప్పింది.. అన్నీ వరసగా రాసి ఉండే పుస్తకం అది. పాత పేజీలను ఏ సాలీడు అడుగుతోందో, ఎన్నిసార్లు అడుగుతోందో అందులో తెలిసిపోతుంది. అయితే, ఆ చిరునామా తనకు ఎవరిచ్చారో సాలీడు చాలాసార్లు చెప్పదు. అందుకు గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉంది. 2015కు ముందు దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్లు. ఉచితమే. అనుమానమున్న చిరునామాను అందులో ఇస్తే, దాన్ని ఏ పేజీలో చూసి పట్టుకుందో గూగుల్ చాలాసార్లు చెబుతుంది.

ఆరా తీస్తే దొంగ ఎక్కువగా ఇంట్లోనే దొరుకుతాడు. మొదటి అనుమానం సైట్‌మ్యాప్ మీద. మా సైటులో ఉన్న పేజీలివీ అని సెర్చ్ ఇంజిన్లకు మనమే ఇచ్చే జాబితా అది. 2005లో గూగుల్ మొదలుపెట్టింది. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. సైటు మార్చినవాళ్లు ఈ జాబితా మార్చడం మరిచిపోతారు. అంటే పాత చిరునామాలు రాసి మన చేత్తోనే సాలీడుకు ఇస్తున్నామన్నమాట. ఇక దాన్ని తిట్టి ఏం లాభం?

రెండో అనుమానం పేజీ అడుగున ఉండే లింకుల మీద, ఎప్పుడో పెట్టిన పీడీఎఫ్ క్యాటలాగుల మీద. పీడీఎఫ్‌లో ఉన్న లింకులను కూడా సాలీళ్లు చదువుతాయి. మూడోది, ఒకే ఇంటికి నాలుగు గుమ్మాలుండటం. ముందు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ ఉన్నదొకటి, లేనిదొకటి, హెచ్‌టీటీపీతో ఒకటి, హెచ్‌టీటీపీఎస్‌తో ఒకటి. మనకు నాలుగూ ఒకటే. సాలీడుకు నాలుగు ఇళ్లు. ఒక గుమ్మం దగ్గర చీటీ అంటించి మిగతా మూడూ వదిలేస్తే పాత పేజీలు ఆ దారిన వస్తూనే ఉంటాయి.

ఆ తర్వాతే బయటివాళ్లు. వ్యాపార డైరెక్టరీలు, పాత వార్తలు, ఎవరో ఎప్పుడో పెట్టుకున్న లింకులు. వీటిని మనం మార్చలేం. ముఖ్యమైనవాళ్లను మాత్రం ఓ ఉత్తరం రాసి మార్చమని అడగొచ్చు.

తెలుగువాళ్లకు మరో ప్రత్యేకమైన చిక్కుంది. పేజీ పేరు తెలుగులో పెడితే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ లింకును కాపీ చేసి ఇంకోచోట పెట్టినప్పుడు మాత్రం శాతం గుర్తులతో, అంకెలతో పెద్ద గొలుసులా మారిపోతుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది ఇంగ్లిషు గుర్తులవుతుంది. ‘సంగారెడ్డి’ అన్న మాటలో ఒత్తులూ గుణింతాలూ సున్నా కలిపి పది గుర్తులు. అంటే లింకులో తొంభై! అంత పొడుగు లింకు మధ్యలో తెగిపోతే, అసలు ఎన్నడూ లేని పేజీ కోసం సాలీడు వచ్చి తలుపు తడుతుంది.

తలుపు తెరిచి ఏం చెప్పాలి?

పోస్ట్‌మ్యాన్ పాత చిరునామాకు ఉత్తరం పట్టుకొచ్చాడు. తలుపు తీసినవాళ్లు ఏం చెబుతారన్నదాన్ని బట్టి ఆ ఉత్తరం గతి తేలుతుంది. సర్వర్ కూడా సాలీడుకు ఓ అంకె రూపంలో జవాబు చెబుతుంది.

301 అంటే, ‘వాళ్లు ఫలానా చోటికి మారిపోయారు, ఇక ఎప్పుడూ అక్కడే’. 302 అంటే, ‘ఊరెళ్లారు, మళ్లీ వస్తారు. ప్రస్తుతానికి అక్కడ ఇవ్వండి’. 404 అంటే, ‘ఆ పేరుగలవాళ్లెవరూ ఇక్కడ లేరు’. 410 అంటే, ‘ఉండేవాళ్లు. ఇల్లే తీసేశారు. ఇక రావద్దు’.

పేజీ శాశ్వతంగా మారితే 301 చెప్పాలి. చాలామంది 302 పెట్టి వదిలేస్తారు. ఊరెళ్లారంటే మళ్లీ వస్తారేమోనని సాలీడు పాత చిరునామాను దాచుకుంటుంది. దాని తప్పేముంది! ఇక ఆ సరుకు తయారీనే మానేస్తే 404 గానీ 410 గానీ చాలు. అది రోగం కాదు. గూగుల్ సైతం 404లు ఉండటం మామూలేనంటుంది. సాలీడు రావడం తగ్గుతుంది తప్ప వెంటనే ఆగదు. దానికి కంగారుపడాల్సిన పనిలేదు.

అన్నిటికంటే చెడ్డ జవాబు ఇంకొకటుంది. తెర మీద ‘పేజీ దొరకలేదు’ అని రాసి, సాలీడుకు మాత్రం 200 చెప్పడం. 200 అంటే ‘ఆఁ, ఇక్కడే ఉన్నారు, లోపలికి రండి’ అని. లోపలికెళ్తే ఖాళీ గది! పాత పేజీలన్నిటినీ గంపగుత్తగా మొదటి పేజీకి మళ్లించడం కూడా ఇంచుమించు ఇలాంటిదే. వాల్వు కోసం వచ్చినవాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టి స్వాగతం పలికితే ఏం లాభం? ఏ పేజీకి ఆ పేజీయే చూపించాలి.

మళ్లింపు మీద మళ్లింపు కూడా మంచిది కాదు. ‘ఆ సెక్షన్‌కి వెళ్లండి’, అక్కడికెళ్తే ‘పై అంతస్తుకు వెళ్లండి’, తీరా వెళ్తే ‘కింద అడగండి’.. ఆఫీసుల్లో తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుసు. గూగుల్ సాలీడు పది మళ్లింపుల దాకా ఓపిక పడుతుంది. తర్వాత వదిలేస్తుంది. అందుకే పాత చిరునామా నుంచి నేరుగా చివరి చిరునామాకే దారి వేయాలి.

తాళం వేసి చీటీ లోపల పెడితే?

పాత పేజీలు వదలట్లేదని విసిగిపోయి చాలామంది చేసే పని రోబోట్స్ ఫైల్లో ఆ పేజీలకు అడ్డుకట్ట వేయడం. సాలీళ్లు ఎటు రావొచ్చో ఎటు రాకూడదో చెప్పే ఈ చిన్న ఫైలు 1994 నుంచీ ఉంది. మార్టిన్ కోస్టర్ అనే నిపుణుడి ఆలోచన. 2022లో దాన్ని అధికారిక ప్రమాణంగా రాసుకున్నారు. అయితే అది ‘లోపలికి రావద్దు’ అని మాత్రమే చెబుతుంది. ‘మీ పట్టికలోంచి తీసేయండి’ అని చెప్పదు.

ఇప్పుడేమవుతుంది? సాలీడు లోపలికి రాదు. రాదు కాబట్టి లోపల అంటించిన 301 చీటీ చూడదు. 410 జవాబూ వినదు. పట్టికలో ఉన్న పాత చిరునామా అలాగే ఉండిపోతుంది. గేటుకు తాళంవేసి, ఇల్లు మారామన్న చీటీని లోపలి గోడకు అంటించినట్టు! పాత పేజీలు పోవాలంటే ముందు తాళం తీయాలి. సాలీడును రానివ్వాలి. చీటీ చదవనివ్వాలి.

సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు మీట కూడా ఉంది. అది దాదాపు ఆర్నెల్ల పాటు కనబడకుండా దాస్తుంది. ఈలోగా సర్వర్ జవాబు సరిచేయకపోతే పేజీ మళ్లీ పైకి తేలుతుంది. కాబట్టి అది నొప్పి మాత్రే, వైద్యం కాదు. అన్నట్టు, గూగుల్‌బాట్‌నని పేరు చెప్పుకుని తిరిగే దొంగ సాలీళ్లూ ఉంటాయి. అది వచ్చిన ఐపీ చిరునామాను వెనక్కి వెతికి, నిజంగా గూగుల్‌దేనా కాదా అన్నది తేల్చుకున్నాకే లాగ్ లెక్కలు నమ్మాలి.

ఒక గుమ్మం.. మూడు ఇళ్లు

ఫ్యాక్టరీ చిక్కు తేలికైనదే. ఒక పాత పేజీకి ఒక కొత్త పేజీ ఉంటుంది. జిల్లా చిక్కు అలాంటిది కాదు. ఒకప్పుడు జిల్లాల సైట్లు ఎన్ఐసీ డాట్ ఇన్ అన్న తోకతో ఉండేవి. మెదక్ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అలాంటిదే. ఇప్పుడు సంగారెడ్డి డాట్ తెలంగాణ డాట్ జీఓవీ డాట్ ఇన్ ఒకటి, అదే వరసలో మెదక్‌ది ఒకటి, సిద్దిపేటది ఒకటి.

ఎక్కడో ఓ పాత పుస్తకంలో ‘మెదక్ జిల్లా కలెక్టరు కార్యాలయం’ అని ఓ లింకుంది. దాన్ని ఎటు మళ్లించాలి? పేరు చూస్తే మెదక్‌కు. చోటు చూస్తే సంగారెడ్డికి. అడుగుతున్నది సిద్దిపేట మనిషైతే మూడోవైపుకు. ఏ ఒక్కటి ఎంచుకున్నా మిగతా ఇద్దరికీ దారి తప్పుతుంది. సాలీడుకు ఇందులో న్యాయం తెలీదు, మనిషే చెప్పాలి. ఇలాంటిచోట మళ్లింపు కాకుండా పాత పేజీనే ఉంచి, ‘2016లో ఈ జిల్లా మూడు జిల్లాలైంది, మీది ఏది?’ అని అడిగి మూడు దారులూ చూపించడం మేలు. నాలుగు రోడ్ల కూడలిలో రాతిపలక చేసే పని అదే కదా.

ఇది ఇక్కడి ఒక్క ఊరి బాధ కాదు. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకడంలేదని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్కతేల్చింది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉదహరించిన లింకుల్లో దాదాపు సగం, అప్పుడు చూపించినదాన్ని ఇప్పుడు చూపించడంలేదని హార్వర్డ్ పరిశోధకులు 2014లో ప్రకటించారు. వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్ లీ ఈ ప్రమాదాన్ని 1998లోనే ఊహించాడు. మంచి చిరునామా అంటే మారనిదేనని అప్పుడే రాశాడు. పరిశోధన పత్రాలకు డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఇవ్వడం ఆ దారిలోనే వచ్చింది. పత్రం ఏ సైటుకు మారినా సంఖ్య మారదు. ఆ సంఖ్య వెనక ఉన్న చిరునామాను మాత్రం సరిచేస్తూ ఉంటారు. మన పిన్‌కోడ్ లాంటిదన్నమాట. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌కు రాష్ట్రం విడిపోయినా జిల్లా చీలినా పట్టింపు లేదు.

ఆ ఒక్క నంబరు కోసం..

పాత పేజీ వల్ల పోయేది ఒక ఆర్డరే అయితే నష్టం డబ్బుతో పోతుంది. అన్నివేళలా అలా ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఓ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఎంతోమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఇలాంటి వేళ ఎక్కడో దూరాన పల్లెలో ఉన్న తల్లికీ భార్యకూ ఇస్నాపూర్ ఎక్కడో తెలీదు, ఏ జిల్లానో తెలీదు. చేతిలో ఉన్నది ఓ ఫోను. వెతికితే వచ్చేది సాలీడు రాసిపెట్టుకున్నదే. అందులో ఉన్నది ఎత్తేసిన నంబరైతే? మూతబడిన పేజీ అయితే? అడుగుదామంటే అటువైపు మనిషే ఉండడు.

అందుకే పరిశ్రమలకూ, ఆస్పత్రులకూ, ప్రభుత్వ కార్యాలయాలకూ ఇది కంప్యూటరు కుర్రాడికి వదిలేసే పనిగా ఉండకూడదు. ఫోన్‌నంబర్లున్న పేజీ చిరునామా వీలైనంతవరకూ మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాతచోట చీటీ ఉండాలి. ఆ చీటీ కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మనుషుల కోసమైతే ఇంకా ఎక్కువే ఉంచాలి.

డొమైన్ పేరే మార్చినవాళ్లకు మరో జాగ్రత్త. ‘ఇక దాంతో పనేముంది’ అని పాత పేరుకు రుసుము కట్టడం మానేస్తే, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. ఖాళీచేసిన ఇంట్లో పరాయివాడు దిగి, మన పేరుకొచ్చే ఉత్తరాలు తీసుకున్నట్టే. పాత లింకులన్నీ వాడి గుమ్మానికే చేరతాయి. ఏడాదికోసారి కట్టే ఆ కాస్త రుసుము దగ్గర లోభం పనికిరాదు.

పాతదంతా చెరిపేయాలా?

అక్కర్లేదు. కూడదు కూడా. పాత పరిశోధన పత్రం మీద ‘ఎద్దుమైలారం’ అని ఉంటే అది తప్పు కాదు, ఆనాటి నిజం. ఇక్రిశాట్ పాత పుస్తకం మీద ‘ఆంధ్రప్రదేశ్’ ఉంటే దాన్ని ఎవరూ దిద్దక్కర్లేదు. 1996 నుంచీ వెబ్‌పేజీల నకళ్లు దాస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ చేసే పని కూడా ఆ పాతను కాపాడటమే. రికార్డు వేరు, దారి చూపే పలక వేరు. రికార్డును దిద్దకూడదు. పలకను దిద్దకుండా వదిలేయకూడదు. రెండిటినీ కలగలిపేసినప్పుడే చిక్కులొస్తాయి.

పటాన్‌చెరు కుర్రాడు ఇప్పుడేం చేయాలి? పాత పేజీల జాబితా రాసుకోవాలి. ఒక్కోదాని ఎదురుగా కొత్తది రాసుకోవాలి. కొత్తది లేనిదానికి ‘తీసేశాం’ అని రాసుకోవాలి. సైట్‌మ్యాప్ దిద్దాలి, రోబోట్స్ ఫైల్లో తాళం తీయాలి, నాలుగు గుమ్మాలనూ ఒకటి చేయాలి, 301లు పెట్టాలి. తర్వాత వారానికోసారి లాగ్ చూడాలి. నెలా రెండు నెలల్లో తేడా కనిపించడం మొదలవుతుంది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ ఓ సాలీడు వచ్చి పాత తలుపు తడుతుంది. తట్టనివ్వండి. చీటీ అక్కడే ఉంది కదా, చదువుకుని వెళ్తుంది.

పుణె కొనుగోలుదారుకు మాత్రం యజమానే స్వయంగా ఓ ఫోన్ చేయాలి. ‘మేం మూసేయలేదండీ, ఇక్కడే ఉన్నాం’ అని.